ఒక మందుకు తెలియని ఇంకో మందు

కరెంటు పోయింది. తెర మీద నా ఎడమ చంక లోపలి బూడిదరంగు మబ్బు, అందులో ద్రాక్షగుత్తిలా నల్లగా కనిపించినవి, వాటిని కొలవడానికి డాక్టరమ్మ గీస్తున్న చుక్కల గీత, అన్నీ ఒక్కసారే లోపలికి ముడుచుకుని తెల్లని బిందువై ఆరిపోయాయి. పంకా మాత్రం ఇంకాసేపు తిరిగింది, సంగతి తనకింకా ఎవరూ చెప్పనట్టు. నేను బల్ల మీద వెల్లకిలా ఉన్నాను. ఎడమ చెయ్యి తల మీదికి ఎత్తి ఉంది, ఒంటి మీద పచ్చ గుడ్డ, చంక నిండా చల్లటి జెల్లీ. "యా అల్లా, ఇప్పుడే పోవాల్నా" అని డాక్టర్ ఇరం గొంతు వినిపించింది. తర్వాత నాతో, "టీచర్ గారూ, చెయ్యి దించుకోండి. చంకల గ్రంథులైతే ఉబ్బినయ్. అంతవరకే చూసిన. రొమ్ము ఇంకా చూడనే లేదు. కరెంటు వస్తే మిగతాది చూస్త, జర ఓపిక పట్టండి" అంది. ఆమె చెప్పుల చప్పుడు వరండాలోకి వెళ్ళిపోయింది.

అంతవరకే చూసిన. చెయ్యి దించుకున్నాను కానీ ఆ మాటను ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. చంక వరకూ నేను తెలిసిన మనిషిని, అక్కణ్ణుంచి రొమ్ము దాకా ఉన్న జానెడు మేర ఇంకా ఎవరూ చూడని ఊరు. అక్కడ ఏముందో ఏం లేదో, ఉన్నా లేకున్నా ఈ క్షణంలో కూడా అది అక్కడే ఉంది, తెర వెలిగినప్పుడు కొత్తగా పుట్టేదేమీ కాదు. అయినా తెర వెలగకుండా ఉంటే అది లేనట్టేనని మనసులో ఒక మూల అంటోంది. ఆ మూలను నేను ఎరుగుదును. ఉత్తరం విప్పకపోతే చావు కబురు జరగలేదనుకునే మూల అది. స్నానం చేస్తుంటే చంకలో సబ్బు చేతికి ఆ గడ్డ తగిలినప్పుడు కూడా ఆ మూలే ముందు మాట్లాడింది: తగల్లేదు, మళ్ళీ ముట్టుకోకు, అని. వారం రోజులు ఆ మాటే విన్నాను. ఆ తర్వాత చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తూ ఉంటే, నిద్రలో కూడా వెళ్తూ ఉంటే, జనగామ చౌరస్తా దాటి ఈ స్కానింగ్ సెంటర్ మెట్లెక్కాను.

తెర ఆరిపోవడానికి కొంచెం ముందు ఆమె ఒకటి అడిగింది. "ఈ మధ్య ఈ చేతికి ఏమన్న సూది వేయించుకున్నరా? టీకా గిట్ల? లేకుంటే వేలికి గోరుచుట్టు, పుండు, అసుంటిదేమన్న?" నేను లేదన్నాను. ఆలోచించి అనలేదు. ఆ మాట నన్ను అడక్కుండానే నాలుక మీదుగా బయటికి నడిచిపోయింది. వేయించుకున్నాను. ఇదే చేతికి, భుజానికి కొంచెం కింద, కుక్క కరిచినందుకు, సర్కారు దవాఖానలో, నాలుగుసార్లు. ఇంకొక్కటి మిగిలి ఉంది. కుడిచేత్తో బోర్డు మీద రాయాలి కదా అని ప్రతిసారీ ఎడమ చెయ్యే ముందుకు పెట్టాను, తెలంగాణ కోసం సమ్మెలో బడి మూసి ఉందని, బోర్డు మీద రాసేదేమీ లేదని గుర్తుండి కూడా. నర్సు సూది గుచ్చుతుంటే గోడ మీది కేలండర్ చూసేదాన్ని. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా లేదన్నాను. ఆమె ఊరికే అడిగిందనుకున్నాను అప్పుడు. ఇప్పుడు చీకట్లో ఆ ప్రశ్న తిరిగొచ్చి బల్ల అంచున కూర్చుంది. ఎందుకు అడిగింది? సూదికీ చంకకీ ఏమిటి సంబంధం? సంబంధం ఉంటే, నేనన్న లేదు అనే మాట ఇప్పుడు ఎక్కడికి నడుచుకుంటూ పోతోంది?

ఆ మాట నాది కాదు, మా యాడిది. మా లంబాడా ఇళ్ళలో అమ్మను యాడి అంటాం. పేరు గంగి, గార్ల దగ్గరి తండాలో ఉంటుంది. కాటు పడిన వారం నేను ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటుంటే పిక్క మీద గాయం చూసింది. ఏమీ అడగకుండా తలుపు దగ్గరికి వేసి వచ్చి చెవిలో, "అదేనా?" అంది. తల ఊపాను. దవాఖానలో సూదులు మొదలుపెట్టానని చెప్పాను. వద్దనలేదు. అంత మొండి మనిషి కాదు. తెల్లవారకముందే ఎటో వెళ్ళి ఏదో ఆకు తెచ్చి, నూరి, బెల్లంలో ఉండ చేసి, నీళ్ళు తాగకుండా మింగించి, నా గదువ పట్టుకుంది. "రెండు అమాసలు దాటేదాక దాని పేరు నీ నోట్లకెల్లి రావొద్దు. కరిచిందని చెప్పొద్దు. ఆకు తిన్ననని చెప్పొద్దు. సూది సంగతి అసలే చెప్పొద్దు. ఒక మందు ఉన్నట్టు ఇంకో మందుకు తెలిస్తే రెండూ అలుగుతయ్." నాకు నవ్వొచ్చింది. "మందులేమన్న సవతులా యాడీ, అలగడానికి?" "నవ్వు, ఎంతన్న నవ్వు. చెప్పకు గని. నా మీద ఒట్టు పెట్టు." పెట్టాను. ఇదంతా మా ఇంటి భాషలో జరిగింది. ఆ భాషలో పెట్టిన ఒట్టు మెదడులో ఉండదు, దవడలో ఉంటుంది. డాక్టరమ్మ తెలుగులో అడిగితే దవడ తెలుగులోనే మూసుకుంది.

"ఏం టీచరమ్మా, సలి పెడుతుందా?" ఆయా మరియమ్మ సెల్‌ఫోన్ వెలుగు పట్టుకుని వచ్చింది. వెలుగు ముందు నా కాళ్ళ మీద పడి, గాయం ఉన్న చోటు మీదుగా పాకి, ఏమీ చదువుకోకుండా గోడెక్కింది. జనరేటర్ లేదా అక్కా అన్నాను. "లేకేం, ఉన్నది. దాంట్ల పోసే డీజిలే లేదు. బంకు కాడ లైను సూడలే? మా డ్రైవరు సద్ది కట్టుకొని పోయి నిలవడ్డడు. మీ సారేం జేస్తడమ్మా?" భూపాలపల్లిలో, బొగ్గుబాయిలో పని అన్నాను. ఆమె నవ్విన నవ్వుకి చేతిలో వెలుగు ఊగింది. "ఓహో! మీ సారు బొగ్గు తియ్యడు, మాకు కరెంటు రాదు, మీకు స్కానింగు కాదు. ఇంట్ల దీపం ఇంట్లోళ్ళే ఆర్పుకున్నరు పో!" తెలంగాణ రాగానే వెలుగుతుందిలే అక్కా అన్నాను. "వస్తదమ్మా, రాకేం జేస్తది. అప్పటిదాంక నీ చంకల జెల్లీ ఆగుతదా అంట." ఒక తువ్వాలు తెచ్చి నా మీద కప్పి, తలగడ సర్ది వెళ్ళిపోయింది. నవ్వు ఆమెతో వెళ్ళకుండా కాసేపు గదిలోనే ఉంది. భయంలో కూడా నవ్వగలిగిన ఒంట్లో చెడ్డది ఉంటుందా అనుకున్నాను, ఉండకూడదని ఎక్కడ రాసి ఉంది అని కూడా అనుకున్నాను.

నవ్వుకీ చావుకీ చుట్టరికం లేదని నమ్మడానికి నాకు వీల్లేదు, ఎందుకంటే సక్రు మామ. యాడి తమ్ముడు. నగారా కొడితే తండా అంతా కదిలేది. నాకు ఏడెనిమిదేళ్ళు. గార్ల స్టేషన్ నుంచి వచ్చే బాటలో కుక్క కరిచింది ఆయన్ని. ఆ రోజుల్లో సూదులు బొడ్డు చుట్టూ వేసేవారు. మానుకోట దవాఖానలో మొదటి సూది పడగానే మామ పరుగు పెట్టాడు. ఊళ్ళు దాటి పరుగెత్తి వచ్చి అక్క ఇంట్లో జొన్నల గాబు వెనక కూర్చున్నాడు. దవాఖాన మనిషి వెతుక్కుంటూ వస్తే యాడి గడప మీద నిలబడి, రాలేదు, మేము చూడలేదు, అంది. ఆకు తినిపించింది, చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. మామకు ఒట్టు ఆగుతుందా? తీజ్ పండుగకు గోధుమ మొలకల బుట్టలు ఎత్తుకున్న అమ్మాయిల వెంటపడి, "నన్ను కుక్క కరిచింది, నేను మిమ్మల్ని కరుస్తా" అని మొరిగేవాడు. మేమంతా కేకలు పెట్టి నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. కొన్నాళ్ళకు నీళ్ళ చెంబు చూసి తల తిప్పుకున్నాడు. ఆ తర్వాతిది యాడి మమ్మల్ని చూడనివ్వలేదు, ఇంకో ఇంటికి పంపేసింది. నోరు జారాడు, ఆకు అలిగింది, అంది తండా. యాడి కూడా అదే అంది. ఇన్నేళ్ళుగా అదే అంటోంది. సూదులు వదిలేసి వచ్చాడని ఒక్కనాడూ అనలేదు. అలా అంటే గాబు వెనక దాచింది ఎవరనే మాట వస్తుంది.

ఇది నాకు ఎప్పుడు అర్థమైందో చెప్పలేను. టీచర్ ట్రైనింగ్‌లో మనసు గురించి పాఠాలు చదువుకుంటున్నప్పుడా, ఇప్పుడు ఈ బల్ల మీదా. మనిషి తన తప్పు మీద ఒక కప్పు వేసుకుంటాడు, ఆ కప్పు కింద కాపురం చేస్తాడు. యాడి వేసుకున్న కప్పు ఈ నియమం. మాట్లాడితే చస్తారు, మాట్లాడకపోతే బతుకుతారు. నేను మాట్లాడకుండా బతికితే ఆ కప్పు నిలుస్తుంది. నేను మాట్లాడి కూడా బతికితే? అప్పుడు సక్రు మామను చంపింది మాట కాదని తేలుతుంది. అప్పుడు మా యాడి, తలపండిన మా యాడి, భుజాల దాకా తెల్లగాజులతో ఆ గాబు ముందు నిలబడి లోపలికి చూడాల్సి వస్తుంది. నేను కాపాడుతున్నది నన్ను కాదు. లేదన్నప్పుడు నా నోట్లో మూసుకున్నది మా ఇంటి తలుపు.

అయినా మాట మింగడం నాకు కొత్తా? బళ్ళో చేరిన రోజు ఇంటి భాష మింగాను. ట్రైనింగ్ కాలేజీలో కోస్తా లెక్చరరు, "పోయినం కాదమ్మా, వెళ్ళాము అనాలి, సినిమాల్లో జోకర్లా మాట్లాడతారేంటి" అంటే పోయినం కూడా మింగాను. నర్మెట్ట బడిలో పిల్లలు గిట్ల, గట్ల అంటే నేనే ఎర్రసిరాతో దిద్దాను. ఈ సమ్మెలో డేరా కింద మైకు ఇచ్చి ఏమన్నా మాట్లాడండి మేడం అంటే, ఇన్నేళ్ళుగా లోపల పడి ఉన్న మాటలన్నీ తోసుకుని వచ్చాయి. పోయినం, వచ్చినం, ఏమాయె, అని మాట్లాడుతుంటే ముందు వరసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మాటల కన్నా ముందు మెడ తేలికైనట్టు అనిపించింది. రోడ్డు మీద అంతమంది ముందు మాట్లాడినదాన్ని, ఒక్క డాక్టరు ముందు లేదన్నాను.

జెల్లీ ఆరిపోయి చర్మాన్ని లాగుతోంది. వేలితో ముట్టుకుంటే గడ్డ అక్కడే ఉంది, కొంచెం నొప్పి. నొప్పి ఉండటం మంచిదో చెడ్డదో నాకు తెలియదు. మా బడిలో రాధమ్మ టీచరుకు వచ్చిన గడ్డకు నొప్పి లేదట. అందుకే ఆలస్యంగా చూసుకుందట. ఆమె హైదరాబాదులో ఆపరేషన్ చేయించుకుని, తలకు రుమాలు కట్టుకుని బడికి తిరిగి వచ్చిన రోజు స్టాఫ్‌రూంలో అందరం పుస్తకాల్లోకి తల దించుకున్నాం. ఆమే, "ఏందే, నేను సచ్చిననుకున్నరా? నా కుర్చీల ఎవలు కూసున్నరు, లెవ్వుర్రి" అని అరిచింది. ఇప్పుడు డేరాలో అందరికన్నా గట్టిగా నినాదాలిచ్చేది ఆమే. ఒకవేళ నాకూ అదే అయితే, ఆ కుర్చీ, ఆ రుమాలు, ఆ అరుపు నాకూ వస్తాయా? మా ఆయన హరీశ్ నన్ను చూసి ముందు ఏమంటాడు? ఏం కాదు, అంటాడు. అన్నిటికీ అదే అంటాడు. అతనికి కుక్క సంగతి కూడా తెలియదు. సమ్మె నడుస్తోంది, గేటు దగ్గర టెంటు వదిలి రాలేడు, ఫోనులో నా గొంతు చిన్నగా ఉంటే బాయిలోకి దిగిన అలవాటుకొద్దీ తనే గట్టిగా మాట్లాడతాడు.

పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను, బాయి లోపల దీపం ఆరిపోతే ఏం చేస్తారని. చీకటికి కళ్ళు అలవాటు పడవా అని. నవ్వాడు. "అది బయటి చీకటి కాదు. కండ్లు ఎంతసేపు తెరిసినా నీ చెయ్యి నీకు కనబడదు. టోపీ మీది దీపం ఆరిందనుకో, కదలొద్దు. గోడకు ఆనుకొని నిలవడాలె. మాట్లాడుతనే ఉండాలె. ఏదో ఒకటి. పాట పాడు, తిట్టు, పేరు పిలువు. నీ మాట పట్టుకొని ఎవలో ఒకలు దీపంతోని వస్తరు. నోరు మూస్కున్నోన్ని దొరకబట్టుడు కష్టం." నువ్వేం మాట్లాడావు అన్నాను. "ఒక్కసారే ఆరింది నాది. ఎక్కాలు సదివిన. పదమూడో ఎక్కం దాంక వచ్చినంక కట్టయ్య తాత వచ్చి, నీది తప్పు పోతున్నదిర, పదమూడార్లు డెబ్బయ్యెనిమిది, అన్నడు." అప్పుడు అది నాకు నవ్వుకునే ముచ్చట. ఇప్పుడు తువ్వాలు కింద, కదలకుండా, బల్లకు ఆనుకుని పడుకున్నదాన్ని. కదలకపోవడం ఒక్కటే చేస్తున్నాను. రెండోది చెయ్యడం లేదు.

వరండాలో చెప్పుల చప్పుడు. డాక్టర్ ఇరం చేతిలో టార్చి, ఇంకో చేతిలో కాగితాల ప్యాడు. చిన్న పిల్ల, నా మొదటి బ్యాచీ పిల్లల ఈడుది. "టీచర్ గారూ, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎప్పుడొస్తదో చెప్పలేం అంటున్నరు. మిమ్మల్ని ఎంతసేపని పండుకోబెట్టాలె? హన్మకొండకు రాస్త. అక్కడ చంకల గ్రంథికి సూది పరీక్ష చేస్తరు, లోపటి ముక్క తీసి చూస్తరు. పరేషాన్ కావొద్దు." రాస్తూ పైకే చదువుతోంది. "ఎడమ చంక, గ్రంథుల వాపు. కారణం... తెల్వదు."

కారణం తెల్వదు. పెన్ను ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగింది. యాడి గదువ పట్టుకున్న వేళ్ళు ఇంకా దవడ మీద ఉన్నాయి. యాడీ, నన్ను వదులు, అనుకున్నాను, లేదా నువ్వే పట్టుకుని తెరువు. నోరు తెరిచాను. వచ్చిన మాట తెలుగు కాదు. "కుత్రా" అన్నాను.

"ఏంది? కుత్తా?" ఆమె తలెత్తింది. మా భాషలో మాటా, ఆమె ఇంట్లో మాటా దాదాపు ఒకటే కదా. "కుత్తా ఎక్కడ?"

"కరిచింది" అన్నాను. ఆ తర్వాత ఇక ఆగలేదు. డేరా దగ్గర వంటావార్పు రోజు, రోడ్డు మీద అందరం వండుకుని తిన్నాక ఎంగిలి విస్తర్లు నేనే ఎత్తుకుని వెనక్కి వెళ్ళానని, అక్కడ బియ్యం సంచుల మధ్య అది పడుకుని ఉందని, చూడకుండా అడుగు వేశానని, బోరింగు దగ్గర సబ్బుతో నేనే కడుక్కున్నానని, ఎవరికీ చెప్పలేదని, సూదులు ఎడమ చేతికేనని, అన్నీ ఇదే చేతికని, అడిగినప్పుడు లేదన్నది అబద్ధమని, మా అమ్మ ఒట్టు అని. పోయినం, వచ్చినం, అన్నీ కలిసి, ఊపిరి ఆడకుండా. ఆమె టార్చి నా మొహం మీద నుంచి తీసి భుజం మీద వేసింది. సూది పడ్డ చోటు తడిమింది, అక్కణ్ణుంచి చంక దాకా వేలితో ఒక గీత గీసింది.

"ఆఖరుది ఎప్పుడు వేయించుకున్నరు?" చెప్పాను. ఆమె స్టూలు మీద కూలబడి నవ్వింది, కోపం కూడా ఉంది అందులో. "టీచర్లే గిట్ల చెప్పకుంటే ఎట్లనండి! అడిగిన గదా మిమ్మల్ని? టీకా పడ్డ చేతి పక్క చంకల గ్రంథులు ఉబ్బుతయ్ ఒక్కోసారి. టీకా వస్తే వాటికి పని పడుతది. పని చేసేటియి ఉబ్బుతయ్." "అంటే ఏం లేదా?" అన్నాను. "అట్ల చూడకుండ చెప్ప. రొమ్ము చూడాలె. ఇంకింతసేపు ఉంటరా?" ఉంటానన్నాను. రేపటిదాకా అయినా ఉంటాను. ఆమె కాగితం మీద రాసినది కొట్టేసి, పక్కన ఏదో రాసి, వెళ్ళకుండా అక్కడే కూర్చుంది. ఇద్దరం చీకట్లో ఏవేవో మాట్లాడుకున్నాం. ఆమె చిన్నప్పుడు ఘన్‌పూర్ స్టేషన్‌లో కోతి ఆమె జడ పట్టుకుందట. వాళ్ళమ్మ తాయెత్తు కట్టిందట. ఇప్పటికీ ఉందట, చూపించింది.

పంకా ముందు కదిలింది. తర్వాత ట్యూబులైటు రెండుసార్లు మినుకుమంది, బయట మరియమ్మ ఎవరినో, "అగో వచ్చింది, కరెంటు సార్లకు జాలేసినట్టుంది" అంటోంది. మళ్ళీ చల్లటి జెల్లీ. ఈసారి నేను తెర వైపు తల తిప్పుకుని చూశాను. రొమ్ము అంతా మెల్లగా, వరసగా, పొలం దున్నినట్టు చూసింది. మబ్బులు, పొరలు, దూదిలాంటి గీతలు. ఆమె ఏమీ అనని ప్రతి క్షణం నా గుండె తెర మీద కదులుతున్నట్టే ఉంది. "ఇక్కడ ఏం లేదు" అంది. కుడివైపు కూడా చూసింది. "ఇక్కడా లేదు." తర్వాత చంక. ఒకదాన్ని పట్టుకుని పెద్దది చేసింది. "చూడండి, చిక్కుడు గింజ తీరుగ లేదూ? నడుమ తెల్లగ ఉన్నది. ఆకారం చెడలే. టీకా వాపే కావచ్చు. మిగిలిన సూది ఆపకండి, తప్పక వేయించుకోండి. కొన్ని వారాలైనంక మళ్ళ నా దగ్గరికి రండి, అప్పటికి తగ్గాలె. తగ్గకుంటేనే సూది పరీక్ష. సమజయ్యిందా?" అయ్యింది. పూర్తిగా కాదు, చాలినంత. ఆ గింజను ఇంకొంచెంసేపు చూశాను. ఇన్నాళ్ళూ నేను భయపడుతూ తడిమింది దీన్ని. నాకు చెప్పకుండా నా పని చేస్తున్న దాన్ని.

మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. యాడే ఎత్తింది. మా భాషలో చెప్పాను, గడ్డ సంగతి, స్కానింగ్ సంగతి, రొమ్ము బాగుందన్న సంగతి. ఆమెకు ఇవేవీ తెలియవు కాబట్టి ఒక్కొక్కదానికి ఒక్కొక్క నిట్టూర్పు. చివరికి చెప్పాను. "యాడీ, డాక్టరుకు చెప్పేసిన. కుక్క కరిచిందని." అటువైపు కోళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఫోను పక్కన పెట్టేసిందేమో అనుకున్నాను. పెట్టేసి ఏ గది మూలకు చూస్తోందో అనుకున్నాను.

"సూదులన్నీ అయినయా?" అంది.

"ఇంకొక్కటి ఉంది."

"వేయించుకో." మళ్ళీ కోళ్ళు. "సక్రు కూడా అన్నీ వేయించుకునేదుండె. నేనే పంపలే." ఇంత మామూలుగా అంది, పక్కింటికి చేట ఇవ్వలేదన్నట్టు. నువ్వప్పుడు చిన్నదానివి యాడీ, అన్నాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఇన్ని రోజుల్లో మొదటిసారి, అడిగింది.

"ఏ రంగుదే ఆ కుక్క?"

"ఎర్రది. చెవి తెగి ఉంది."

"ఉందా, సచ్చిందా?"

"ఉంది. పొద్దున వస్తుంటే చూసిన. డేరా వెనకాలనే పండుకున్నది. పిల్లలున్నయ్ దానికి, పాలు తాగుతున్నయ్."

"ఎన్ని?"

"లెక్కపెట్టలే యాడీ. ఒకదాని మీద ఒకటి పడ్డయ్."

"బాలింతదా!" అంది యాడి, గొంతు పూర్తిగా మారిపోయింది. "అట్ల చెప్పు మరి. బాలింతది కరవకుంటే ఏం చేస్తది? నువ్వు కాలేస్తే ఊరుకుంటదా? పోయేటప్పుడు దానికింత రొట్టె ఎయ్యి."